నా శ్రుతికి దించిన గాలి

మా ఆయనకి బీపీ ఎక్కువైందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆ డాక్టరు ఆయన్ని వదిలేసి నన్ను పట్టుకున్నాడు.

నేను పక్క కుర్చీలో కూర్చుని ఈయన ఎంత ఉప్పు తింటారో, ఊరగాయ జాడీ దగ్గర ఎంతసేపు నిలబడతారో విడమరిచి చెబుతున్నాను. డాక్టరు అదేమీ రాసుకోలేదు. "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతారు మాస్టారూ?" అని అడిగాడు. ఆయన నా వైపు చూశారు. నేనే అందుకున్నాను. ఈయనకి పెళ్లయిన కొత్తలో బాగానే పట్టేదండీ నిద్ర, ఈమధ్యే సరిగా పట్టడం లేదు, తెల్లారేసరికి లేచి కాఫీ కూడా కలిపేస్తారు అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను. పొద్దున్నే మొగుడు కలిపిన కాఫీ వాసనకి నిద్రలేచే ఆడవాళ్లు మా అరసవల్లిలో ఎంతమంది ఉంటారు చెప్పండి?

"అమ్మా, మీరు గురక పెడతారా?" అన్నాడు డాక్టరు.

నేను సంగీతం టీచర్ని. విజయనగరంలో పుట్టి, అక్కడే గాత్రం నేర్చుకుని, పెళ్లి చేసుకుని ఇటొచ్చాక ముప్పయ్యేళ్లుగా మా ఇంటి ముందుగదిలో పాఠం చెబుతున్నదాన్ని. నన్ను పట్టుకుని గురకా అంటాడా! ఒంటికాలి మీద లేచాను. మా ఆయన సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, "అప్పుడప్పుడూ, కొంచెం..." అని నసిగారు. తర్వాత గొంతు తగ్గించి, "గురక పెడితే పరవాలేదండి. మద్దిలో ఆగిపోతాది. అదే బయం," అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది.

ఈయన గురించి కాస్త చెప్పాలి. ఎచ్చెర్ల దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పాడమంటే పారిపోతారు. అయినా ఇన్నేళ్లు నా పాఠాలు వినీ వినీ ఒక్క ఆదితాళం మాత్రం నేర్చుకున్నారు. క్లాసు జరుగుతుంటే గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని తొడ మీద తాళం వేస్తారు. ఆదితాళం అంటే ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, తిప్పు, మళ్లీ దెబ్బ, తిప్పు. ఎనిమిదీ అయితే ఒక ఆవర్తనం. ఆ చివరి దెబ్బా తిప్పూ ఉన్నాయే, దాన్ని ఆఖరి ద్రుతం అంటాం. అక్కడికి వచ్చేసరికి ఈయన చెయ్యి గాల్లో ఆగిపోతుంది. ఒక్క క్షణం లాగి, అప్పుడు వేస్తారు. ఆయన్ని చూసి పాడేవాళ్లు తడబడతారు. "లెక్కల మాస్టారై ఉండి ఎనిమిది వరకు సమంగా లెక్కపెట్టలేరేటండీ?" అని అందరి ముందూ కడిగేసేదాన్ని. నవ్వేసి ఊరుకునేవారు. మర్నాడు మళ్లీ అక్కడే లాగేవారు. మొదట్లో ఇలా ఉండేది కాదు, నాలుగైదేళ్ల కింద పట్టుకుంది ఈ జబ్బు.

సరే, నన్ను విశాఖ పంపించారు. అక్కడ ఒక ఆసుపత్రిలో ఒంటినిండా తీగలు అతికించి పడుకోమన్నారు. ఆ తీగలతో నిద్ర ఎవరికి పడుతుంది అనుకున్నాను గానీ, పట్టిందట. గురక కూడా పెట్టానట. కాగితాలు తెచ్చి డాక్టరు ముందు పెడితే, ఆయన నెమ్మదిగా చెప్పాడు. నిద్రలో నా గొంతు కండరాలు వదులైపోయి గాలి వెళ్లే దారి మూసుకుపోతోంది. కాసేపు ఊపిరి ఆగుతుంది, మళ్లీ గుక్క తిప్పుకుంటాను. తెల్లార్లూ ఇదే తంతు. నేను పగలు పాఠం మధ్యలో కునికిపాట్లు పడేది అందుకేనట. నేను వయసు అనుకున్నాను.

"ముక్కుకి తగిలించుకుని పడుకునే మిషను ఒకటుంది. అది మెల్లగా గాలి పంపిస్తూ ఆ దారి మూసుకోకుండా చూస్తుంది," అన్నాడు డాక్టరు. తర్వాత మా ఆయన వైపు చూపించాడు. "మీరు దాంతో పడుకుంటే గాని మాస్టారికి నిద్ర రాదమ్మా. ఆయనకి నిద్ర లేకపోతే నా మాత్రలు పనిచెయ్యవు. ఈ బీపీని ఇలా వదిలేస్తే ఏదో ఒకరోజు కాలూ చెయ్యీ పడిపోవచ్చు."

నా కోసమైతే ఒప్పుకునేదాన్ని కాదు. ఆయన కోసం మిషను తెప్పించాను. ఈ మనిషి రాత్రిపూట కడుపునిండా నిద్రపోవాలి, అంతే నాకు కావలసింది.

మిషను తెచ్చి బిగించిన మనిషిది శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరు. నలభై అయిదేళ్లుంటాయి. అన్నదమ్ములంతా చేపల వేటకెళ్తారట, ఈయనొక్కడే చదువుకుని ఆసుపత్రి మిషన్ల పనిలోకి వచ్చాడు. మోటారు సైకిలు వెనక పెద్ద సంచీతో దిగి, మా మంచం పక్కన స్టూలు మీద చిన్న పెట్టెలాంటిది పెట్టాడు. దానికొక గొట్టం, గొట్టం చివర ముక్కూ నోరూ కప్పే రబ్బరు తొడుగు, తల చుట్టూ బిగించడానికి పట్టీలు. అన్నీ తగిలించుకుని అద్దంలో చూసుకున్నాను. మా ఆయన వెనక నుంచి తొంగిచూసి, "ఈ ఏడు వినాయక సవితికి బొమ్మ కొనక్కర్లేదే," అన్నారు. తొడుగు ఉండబట్టి బతికిపోయారు, నోరు తెరిచి తిట్టడానికి లేదు.

డాక్టరు గాలి ఒత్తిడి పదకొండు అని రాశాడు. ఆ మనిషి రెండు మీటలు కలిపి కాసేపు నొక్కిపట్టి, లోపలి పట్టికలోకి వెళ్లి పదకొండు పెట్టాడు. "ఇది మా పనమ్మా. మీరు ముట్టుకోకండి," అన్నాడు. తల ఊపాను. కానీ ఒక్కసారి వింటే సంగతి పట్టేసే చదువు నాది. రెండు మీటలు నొక్కడం ఒక లెక్కా?

మొదటి వారం నరకం. పీల్చబోతే గాలి నా కంటే ముందే లోపలికి దూరేది. వదలబోతే ఎదురు తన్నేది. నా ఊపిరి నాది కాకుండా పోయింది. తొడుగు పీకి గోడకేసి కొట్టినంత పనిచేశాను. పెట్టెలో తేమ కోసం పోసే శుద్ధమైన నీళ్లు తెమ్మంటే మా ఆయన బ్యాటరీల కొట్టు నుంచి క్యాను మోసుకొచ్చారు. "నేనేటి, ఇన్వర్టర్నా?" అని దాని మీద ఒక గొడవ. చివరికి మెడికల్ షాపు నుంచి తెచ్చుకున్నాం. ఆ మిషను మనిషికి ఫోన్ చేస్తే, "గాలికి ఎదురెల్లకండమ్మా. కెరటం లేసినప్పుడు మనమూ లేసి, దిగినప్పుడు దిగాల. పగలు పేపరు సదువుకుంటా కాసేపు ఎట్టుకోండి, అలవాటైపోతాది," అన్నాడు.

అలా ఒక మధ్యాహ్నం భోజనం చేసి, ముందుగదిలో చాప మీద మిషను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం పాఠం కోసం శ్రుతిపెట్టె కూడా వేసుకున్నాను. అప్పుడు తెలిసింది నా బాధ ఏమిటో. గాలి కాదు. చప్పుడు.

ఆ మిషను సన్నగా ఒక స్వరం పలుకుతోంది. నాది నాలుగున్నర శ్రుతి. నా షడ్జం, అదే 'స', మీద ఎక్కడో గాంధారం దగ్గర, సరిగ్గా గాంధారం కూడా కాదు, దానికి కాస్త కింద నిలబడి కూస్తోంది. సంగీతం రానివాళ్లకి ఇది ఎలా చెప్పాలి? మీ ఇంట్లో ఒక పాట వస్తుంటే పక్కింట్లో అదే పాట అరసెకను ఆలస్యంగా వినిపించిందనుకోండి. వారం రోజుల పాటు. చెవి పక్కనే. మీరైతే ఏం చేస్తారు?

నేను రెండు మీటలు కలిపి నొక్కిపట్టాను.

ఒత్తిడి తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే స్వరం దిగుతుంది. తీగ వదులు చెయ్యడం లాంటిదే, ఇందులో పెద్ద విద్య ఏముంది అనుకున్నాను. పది చేశాను, కాస్త దిగింది. తొమ్మిదికి రిషభం దగ్గరికొచ్చింది. ఎనిమిది. ఇంకొంచెం. ఏడు నొక్కగానే మిషను స్వరం నా శ్రుతిపెట్టె స్వరంలో కలిసిపోయింది. రెండు చప్పుళ్లు ఒకటైపోయాయి. ఒళ్లు పులకరించింది నాకు. పైగా గాలి కూడా మెత్తబడింది, ఎదురు తన్నడం లేదు. అక్కడే చాప మీద ఒరిగాను. రెండు గంటలు ఒళ్లు తెలియని నిద్ర.

లేచేసరికి మా ఆయన గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నారు.

"శ్రుతి కలిపీసేనండీ!" అన్నాను. జరిగిందంతా చెప్పాను. మిషను పెట్టి వినిపించాను. నా షడ్జం పాడి, తొడుగు దగ్గర చెవి పెట్టమని బలవంతం చేశాను.

"డాక్టరు పదకొండన్నాడు కదే?"

"డాక్టరుకి శ్రుతిజ్ఞానం ఉందేటి?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగారు. "నీకు సుకంగా ఉందా?" అన్నారు.

"తంబురా పక్కలో పెట్టుకుని పడుకున్నట్టుందండీ."

"అయితే సరే," అన్నారు.

ఇక చూడండి నా గొప్పలు. విజయనగరంలో ఉన్న మా చెల్లెలికి ఫోన్లో చెప్పాను, పక్కింటావిడకి చెప్పాను, పొద్దున పాఠానికొచ్చే ఆడవాళ్లకి చెప్పాను. మిషనుతో సర్దుకోలేక మూల పడేసేవాళ్లు చాలామంది ఉంటారట, నేను మాత్రం దాని చెవి మెలేసి దారికి తెచ్చుకున్నాను అన్నాను. ఆ మిషను మనిషి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, బ్రహ్మాండంగా ఉంది బాబూ, నువ్వు రానక్కర్లేదు అన్నాను. మా ఆయన రోజూ కాఫీ కలిపి ఇస్తూనే ఉన్నారు. నేను మధ్యాహ్నం పాఠంలో మళ్లీ కునుకుతున్నాను, అది ఎండల వల్ల అనుకున్నాను.

మూడు వారాలకి డాక్టరు దగ్గరికెళ్తే ఈయన బీపీ రవ్వంత కూడా దిగలేదు. మాత్ర పెంచాడు. మిషను వాడుతున్నారా అని నన్ను అడిగితే, ఒక్కరోజు మానలేదండీ అన్నాను. అది నిజమే మరి. ఇంటికొచ్చాక నేరమంతా ఊరగాయ మీద వేసి, జాడీ బీరువాలో పెట్టి తాళం వేశాను. "దొంగతనంగా తింటున్నారు మీరు," అన్నాను. ఆయన మజ్జిగన్నంలో ఉప్పు కూడా వేసుకోకుండా తిన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ఆదివారం పొద్దున ఆయన కూరలకని స్కూటరు మీద వెళ్లారు. ఆదివారం మా రోడ్డు సంగతి తెలిసిందే, ఎటు చూసినా సూర్యుడి గుడికి దర్శనానికొచ్చిన జనం, ఆటోలు. కాసేపటికి మా వీధి చివర కొబ్బరిబొండాలు అమ్మే ఆవిడ ఒక చేత్తో ఈయన మోచెయ్యి, ఇంకో చేత్తో కూరల సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఈయన మోకాలి దగ్గర పంచె చిరిగి ఉంది.

"ఓలమ్మ, టీచరమ్మా! మాస్టారుకి ఏటైపోనాది? కళ్లు మూసీసుకుని బండి తోలీసినారు! తిన్నగా వచ్చి నా బొండాల కుప్పలో దూరిపోనారు. పక్కన ఆటో ఎల్లిపోయింది గాని, లేకపోతే ఏటయ్యేది?"

ఆయన ఒళ్లంతా తడిమి చూశాను. మోకాలు గీరుకుంది తప్ప ఇంకేమీ తగల్లేదు. అది చూసుకున్నాక భయమంతా కోపమైపోయింది. "తెల్లార్లూ పడుకుని పట్టపగలు బండి మీద నిద్రేటండీ? బుద్ధుందా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. బొండాలావిడే నన్ను తగ్గమని, ఒక బొండం కొట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుటక గుటకకీ ఆగుతూ తాగారు. నా వైపు చూడలేదు.

మర్నాడు ఆ మిషను మనిషి వచ్చాడు. నేను రానక్కర్లేదన్నా, నెల తిరిగేసరికి ఒకసారి చూసుకోవడం ఆయన పద్ధతి. మిషను లోపల రోజూ రాత్రి లెక్క రాసుకుంటుందట. అది ఫోన్లోకి ఎక్కించి చూశాడు. చూస్తూ చూస్తూ కనుబొమలు ముడేశాడు.

"అమ్మా, ఒత్తిడి ఏడుకి ఎవులు దించీసినారు?"

"నేనే," అన్నాను. ధైర్యంగానే అన్నాను. శ్రుతిపెట్టె తెచ్చి, మిషను పెట్టి, నా షడ్జం పాడి మొత్తం వినిపించాను. ఆయన మొదట నోరెళ్లబెట్టాడు. తర్వాత కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "ఇన్నేళ్ల నుంచి ఈ పని సేస్తన్నాను. సప్పుడుందని తిట్టినోలున్నారు గానీ, మిషనుకి శ్రుతి కలిపినోలిని సూడనేదమ్మా!" అన్నాడు. మళ్లీ ఫోను చూసి నవ్వు ఆపేశాడు.

"ఏడు మీద మీ గొంతు దారి తెరుసుకోదమ్మా. ఇదిగో, గంట గంటకీ ఎన్నోసార్లు ఊపిరి ఆగిపోతానే ఉన్నాది. మిషను ఎట్టుకున్నారన్న పేరే గానీ, జబ్బు ఎక్కడున్నది అక్కడే ఉన్నాది."

"నాకు హాయిగా ఉందయ్యా!"

"హాయిగానే ఉంటాది. తెప్పని ఒడ్డు కాడ కట్టీసి అందులో కూకుంటే ఎవులికైనా హాయే. సేపలు పడొద్దేటి?"

ఆయన వేలితో తెరను అటూ ఇటూ జరుపుతూ, "కానొకటి నాకు అర్దం కాలేదు," అన్నాడు. "ఆగిన ఊపిరి ఎప్పుడూ ఎక్కువసేపు ఆగనేదు. రోజూ, ప్రతిసారీ, ఇంచుమించు అదే లెక్కకి మళ్లీ అందుకుంతన్నారు. గడియారం ఎట్టి లేపినట్టు. విశాకలో తీసిన కాయితంలో ఇలాగ నేదు."

గుమ్మం పక్క కుర్చీలోంచి మా ఆయన అన్నారు, "నేనే."

ఇద్దరం అటు తిరిగాం. ఆయన మోకాలి కట్టు సవరించుకుంటున్నారు.

"నేనే లేపుతన్నాను. ఊపిరి ఆగిందనుకో, తాళం మొదలెడతాను. ఒక ఆవర్తనం సూస్తాను. ఆఖరి ద్రుతం కాడ చెయ్యి ఆపి వింటాను. చాలాసార్లు అక్కడికే నీ ఊపిరి తిరిగొచ్చీస్తాది. రాలేదనుకో, మోచేతి మీద తడతాను. నువ్వు ఇటు తిరిగి మళ్లీ మొదలెడతావు."

"ఎన్నాళ్ల నుంచండీ?"

"నాలుగైదేళ్లవుతాది. ఒకసారి మరీ ఎక్కువసేపు ఆగిపోయింది. ఆ రోజు నుంచి."

ఆఖరి ద్రుతం. నేను పిల్లల ముందూ పెద్దల ముందూ కడిగేసిన ఆఖరి ద్రుతం. అక్కడ చెయ్యి ఆపి ఈ మనిషి ఇన్నేళ్లూ వింటున్నది నా ఊపిరి. పగలు కూడా ఆ చెయ్యి అక్కడ ఆగడం మరిచిపోలేదు.

"మిషనొచ్చాక కూడానా?"

"మొదటి వారం పరవాలేదు. ఏడుకి దించినావు కదా, ఆ రాత్రి నుంచి మళ్లీ ఆగుతన్నాది."

"మరి చెప్పొచ్చు కదండీ! నోరేమైపోయింది?"

"సెప్దామనే అనుకున్నాను. శ్రుతి కలిసిందని అంత సంబరపడిపోయావు. ఏ కచేరీలోనూ నిన్ను అలాగ సూడలేదు నేను. ఎలాగ సెప్పమంటావు?"

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే తిట్టాను. ఆటో కింద పడితే నా గతేమిటన్నాను, మీరు పోయాక నేను శ్రుతి కలుపుకుని ఎవరికి పాడాలన్నాను, ఊరగాయ తాళంచెవి తెచ్చి ఆయన ఒళ్లో పడేశాను. మిషను మనిషి గోడకి ఆనించిన తంబురా వైపు తిరిగి, దాని తీగలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. ఉన్నవి నాలుగే. చాలాసేపు లెక్కపెట్టాడు పాపం.

నా గొడవ తగ్గాక మిషను మనిషి డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడి, ఒత్తిడి మళ్లీ పదకొండు చేశాడు. కానీ ఈసారి ఇంకో రెండు పనులు చేశాడు. గాలి పడుకోగానే పదకొండు మీద కొట్టదు. నాలుగుతో మొదలై అరగంటలో మెల్లమెల్లగా ఎక్కుతుంది. నేను ఊపిరి వదిలేటప్పుడు కాస్త తగ్గి, పీల్చేటప్పుడు మళ్లీ పెరుగుతుంది. నోరు కప్పే పెద్ద తొడుగు తీసేసి ముక్కుకి మాత్రం పెట్టుకునే చిన్నది ఇచ్చాడు. పెట్టుకుని చూశాను. ఆలాపన కింది షడ్జం దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా పైకి తీసుకెళ్లినట్టుంది.

"ఇవన్నీ ఇందులో ఉంటే ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అని ఆయన మీద పడ్డాను.

"అడిగితే గదమ్మా సెప్పేది! ఫోన్ సేస్తే బ్రెమ్మాండం, రానక్కర్లేదన్నారు. ఇబ్బందుంటే నాకు సెప్పండి, ఇలాగ సుకంగా పడుకునే దారులు బోలెడున్నాయి. ఆ పదకొండు మాత్రం ముట్టుకోకండి," అన్నాడు. మీటల వైపు చూపించి, "దండమెడతాను," అని నిజంగానే దండం పెట్టాడు.

ఇప్పుడు నా మిషను నాలుగు నుంచి పదకొండుకి ఎక్కుతూ దారిలో ఏడు దగ్గర కాసేపు నా షడ్జాన్ని తాకుతుంది. దాని కోసం మేలుకుని ఉండాలనుకుంటాను. చాలా రోజులు ఆ లోపలే నిద్ర పట్టేస్తుంది. పైన అది ఏ గాంధారం కూసుకుంటుందో నాకు తెలియదు, అక్కర్లేదు కూడా.

మా ఆయన బీపీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత నెలకి దిగింది, ఆ పై నెలకి ఇంకా దిగింది, డాక్టరు పెంచిన మాత్ర తీసేశాడు. ఊరగాయ మళ్లీ వంటింట్లోకి వచ్చింది. కానీ మళ్లీ పదకొండు చేసిన మొదటి వారం ఆయన్ని నిద్రపుచ్చడం నా వల్ల కాలేదు. "మిషను చూసుకుంటుంది కదండీ, మీరు పడుకోండి," అంటే, "పడుకుంతన్నాను," అనేవారు. పొద్దున ఆ కళ్లు చూస్తే తెలిసిపోయేది. లెక్కలు చెప్పి బతికిన మనిషి, మాటతో నమ్మడు. మిషను తెర మీద రాత్రి గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో పొద్దున్నే అంకె కనిపిస్తుంది. రోజూ కాఫీ తాగే ముందు ఆయన్ని పిలిచి ఆ అంకె చూపించేదాన్ని. కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు చూసేవారు. మూడు రోజులు తల ఊపి ఊరుకున్నారు. నాలుగో రోజు "బాగానే ఉన్నాదే," అన్నారు. ఆరో రోజు నేను పిలవకుండానే వచ్చి చూసుకున్నారు.

ఎనిమిదో రోజు పొద్దున నాకు మెలకువొచ్చేసరికి కాఫీ వాసన లేదు.

కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చేసింది. తొడుగు లాగేసి పక్కకి తిరిగాను. ఆయన నా వైపే తిరిగి, నోరు కాస్త తెరుచుకుని పడుకుని ఉన్నారు. కుడిచెయ్యి మా మధ్య దుప్పటి మీద ఉంది. బొటనవేలు ఉంగరపు వేలి మీద ఆగిపోయింది. తాళంలో అది మూడో లెక్క. మూడో లెక్కకే నిద్ర పట్టేసింది ఆయనకి. ఎప్పుడు పట్టిందో, ఎన్నేళ్ల నిద్రో, పొట్ట పైకీ కిందికీ చక్కగా ఆడుతోంది. నేను మంచం దిగినా కదల్లేదు. స్టూలు తగిలి చప్పుడైనా కదల్లేదు.

ఆ రోజు కాఫీ నేనే కలుపుకున్నాను. ఏడింటికి పొద్దున పాఠం వాళ్లు వచ్చారు, బ్యాంకులో పనిచేసే ఆవిడా, బడిపంతులమ్మా. చాప మీద కూర్చుని శ్రుతిపెట్టె మీట నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. నోటి మీద వేలు పెట్టి లోపలి గది వైపు చూపించాను.

"మాస్టారుకి ఒంట్లో బాగులేదా ఏటండీ?" అని గుసగుసగా అడిగింది బ్యాంకావిడ.

"నిద్రపోతున్నారు," అన్నాను. ఆ మాట చెబుతుంటే నా మొహం ఎలా ఉందో గానీ, ఇద్దరూ నవ్వారు. "ఇవాళ గొంతు వద్దు. వర్ణం మనసులో పాడుకుందాం. చేతులు మాత్రం వెయ్యండి, చప్పుడు కాకుండా."

ముప్పయ్యేళ్లలో మా ఇంట్లో శ్రుతి లేకుండా, స్వరం లేకుండా జరిగిన పాఠం అదొక్కటే. ముగ్గురం మెత్తగా తొడల మీద తాళం వేసుకుంటూ కూర్చున్నాం. దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, తిప్పు. రెండు ఆవర్తనాలు అయ్యాయో లేదో, బడిపంతులమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"టీచరుగారూ, ఆఖరి ద్రుతం కాడ మీరే లాగుతన్నారు," అంది.

చూసుకుంటే నిజంగానే నా చెయ్యి గాల్లో ఆగి ఉంది. నా చెవి లోపలి గది వైపు ఉంది. ఆయన ఊపిరి వినిపించింది. అప్పుడు దెబ్బ వేశాను.